సెలవు రైలుది కాదు

కిందటి నెల మావారూ నేనూ ఒక టూరు బస్సులో కొడైకెనాల్ వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక టూరు కుర్రాడు మైకు పట్టుకుని, సాయంత్రం దాకా ఎవరి గదుల్లో వాళ్ళు విశ్రాంతి తీసుకోవచ్చని చెప్పాడు. బస్సంతా సంతోషించింది. నేనూ గదికి పోయి దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నానో లేదో చెవి పక్కనే మా మేనత్త గొంతు వినిపించింది.

"ఏం అమ్మణ్ణీ, పండుకునేదానికి ఇంత దూరం రావల్లా? మదనపల్లెలో మంచం లేదా?"

అత్త పోయి చాలా ఏళ్ళయింది. అయినా లేచి చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని మావారు అడిగారు. తెలీదు, కానీ పోదాం పదండి అన్నాను. ఆయన అత్తను ఎరిగిన మనిషి కాబట్టి వెంటనే స్వెట్టరు తొడుక్కున్నారు.

మా అత్తది పుంగనూరు. మామకు అక్కడ ఇనుప సామాన్ల అంగడి ఉండేది. మేకులు, బోల్టులు, తలుపు బందులు, బావి గిలకలు. నేను మదనపల్లెలో బడిపంతులమ్మను. అత్త కొడుకులిద్దరూ అమ్మతో ప్రయాణం అనగానే ఏదో ఒక పని కల్పించుకునేవారు. పంతులమ్మకు వేసవి సెలవులు, దసరా సెలవులు ఉంటాయని లోకమంతటికీ తెలుసు కాబట్టి నాకు తప్పించుకునే దారి ఉండేది కాదు. తొంభైలలో నా సెలవులన్నీ అలా అత్త చేతికే చిక్కాయి.

మనిషి పొట్టి. ప్రయాణమంటే పట్టుచీరే కట్టేది, కాళ్ళకు మాత్రం తెల్ల కాన్వాసు బూట్లు. ఇదేం వేషమని ఎవరైనా నవ్వితే, చీర వాళ్ళు చూసేదానికి, బూట్లు నేను చూసేదానికి అని చెప్పేది. మోచేతికి వైరుబుట్ట, ఎండ ఉన్నా లేకున్నా నుదుటి మీద అడ్డంగా పెట్టిన అరచెయ్యి. ఎప్పుడూ మాకంటే ముందు నడిచేది. ఆమె వీపు చూసుకుంటూ నేను తిరిగిన ఊళ్ళు ఎన్నో.

సెలవంటే పాల మాదిరి అని ఆమె నమ్మకం. ఈ పొద్దే తాగాలట, దాచుకుంటే విరిగిపోతుందట. అందువల్ల బస్సులో కునుకు తీయడం ఆమె దృష్టిలో దుబారా. నా తల కాస్త వాలితే చాలు, మోకాలి మీద తట్టి, రోడ్డు పక్కన గేదెను చూపించి, అదో చూడు ఎనుము అనేది. ఎనుమును ఎన్నిసార్లు చూడమంటావత్తా అంటే, ఆ ఎనుమును ఇంతకు ముందు చూసినావా అని అడిగేది. నిజమే, ఆ ఎనుమును చూడలేదు.

ఏ ఊళ్ళో దిగినా మొదట కనబడిన మనిషిని పట్టుకుని, మీ ఊళ్ళో చూడాల్సింది ఏముందని అడిగేది. మన పక్క ఊళ్ళలో అలా అడిగితే అందరూ ఏమీ లేదనే అంటారు. అత్త ఆ మాటను ఒప్పుకునేది కాదు. ఆ మనిషి ఏదో ఒకటి చెప్పేదాకా కదిలేది కాదు. వాయల్పాడులో ఒకాయన అలా చిక్కి, ఎటూ తోచక, లారీలు తూచే కాటా ఉందమ్మా, పోయి చూసుకోండి అన్నాడు. అత్త మమ్మల్నందరినీ తీసుకుపోయి ఆ కాటా మీద వరసగా నిలబెట్టింది. తన చెల్లెలిని, వాళ్ళ పిల్లలను, నన్ను, వైరుబుట్టను, అన్నిటినీ కలిపి తూయించింది. వెనక టమోటాల లారీ హారను కొడుతూనే ఉంది. చివరికి కాటా ఆయన బరువు చెబితే, ఇంత మంది మనుషులం కలిసినా ఆ లారీలో ఒక మూలకు చాలమని తెలిసి అత్త ఎంతగా మురిసిపోయిందో. ఇంటికి వచ్చి చాలా రోజులు ఆ సంగతే చెప్పుకుంది.

కలికిరిలో ఒకసారి మా బస్సు టీ తాగడానికి ఆగింది. ఎక్కడో మేళం వినబడితే అత్త దిగి ఆ చప్పుడు వెంట పోయింది. డ్రైవరు వచ్చాడు, కండక్టరు వచ్చాడు, అత్త రాలేదు. ఆమె వస్తుందని నేనూ, రాకపోయినా పోదామని బస్సులోవాళ్ళూ వాదించుకుంటూ ఉండగా తాంబూలం సంచి పట్టుకుని నింపాదిగా వచ్చింది. పెళ్ళికూతురు తరఫువాళ్ళు ఆమెను పెళ్ళికొడుకు తరఫు అనుకున్నారట, వాళ్ళు వీళ్ళ తరఫు అనుకున్నారట. ఆమె ఎవరి మాటా కాదనలేదు. కండక్టరు నోరు తెరిచేలోపల అతని చేతిలో లడ్డు పెట్టి, పెళ్ళికూతురు బాగుండాదప్పా, నువ్వూ వచ్చి ఉండాల్సింది అంది. అతను లడ్డు తింటూ రైట్ అన్నాడు.

ఇక మామ సంగతి. ఆయన అంగడి మూయడం ఎవరూ ఎరగరు. పెళ్ళికి పోతే తలంబ్రాలు పడగానే తిరుగు బస్సు. అంగడి తాళంచెవులు మొలతాడుకు కట్టుకుని, ఎక్కడున్నా నిమిషానికొకసారి తడుముకునేవాడు. కూర్చుంటే చాలు నిద్ర వచ్చే మనిషి కూడా. అంగట్లో మాత్రం కునికేవాడు కాదు, ఆ నిద్రంతా బయటికి వచ్చినప్పుడే తీర్చుకునేవాడు. అత్త సముద్రం చూడాలని పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతూ ఉంది. ఆయన చూద్దాంలే అంటూ ఉన్నాడు. ఆయన చూద్దాంలే అంటే చూడబోమని అర్థం.

అలాంటి మామకు ఒకనాడు అంగట్లో గుండెలో పట్టుకుంది. మదనపల్లె తీసుకొచ్చి డాక్టరుకు చూపించారు. గుండె బాగానే ఉంది, మనిషికే విశ్రాంతి లేదు, నాలుగు రోజులు అంగడి మొహం చూడకుండా ఎక్కడికన్నా పొమ్మని ఆయన చెప్పాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేసరికే అత్త మద్రాసు ప్రయాణం నిశ్చయించేసింది. కుప్పం పోయి అక్కడ రైలెక్కాలని, నేను తోడు రావాలని, అన్నీ ఆ డాక్టరు ముందే తేలిపోయాయి. మామ ఒకే ఒక మాట అన్నాడు.

"సరే, వస్తా. ఈసారి గానా ఇది పనికిరాకుండా పోతే, ఇంక నా జన్మలో అంగడి మూయమని అడగాకు."

అత్త సరేనంది. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి నాకే భయమేసింది.

పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పం చేరి స్టేషనుకు పోయేసరికి రైలు రాదన్నారు. అరవనాడులో ఎక్కడో వానలకు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందట. బస్సుల గతీ అంతేనట. ఎప్పటికి బాగవుతుందో ఎవరికీ తెలియదు. ప్లాట్‌ఫారం మీద జనం తిట్టుకుంటూ మూటలు సర్దుకుంటున్నారు. ఆ గుంపులో నవ్వు మొహంతో ఉన్నది మామ ఒక్కడే. అంగడి రేపు పొద్దున్నే తెరవచ్చని ఆయన మొహం మీద రాసి ఉంది. తాళంచెవులు ఒకసారి తడుముకుని, పాయ, పదండి ఇంటికి అన్నాడు.

అత్త తన పెట్టె మీద కూర్చుంది. ఇంటికి పోతే ఆ మనిషి మళ్ళీ అంగడి మూయడని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు గానీ బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. అంత కంగారుగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. తర్వాత తలెత్తింది.

"సెలవు నీకిచ్చినారా, రైలుకిచ్చినారా?"

నాకే అన్నాడు మామ.

"అయితే రైలు రాకుంటే నీ సెలవు యాల పోవల్ల? అది రాకపోతే దాని ఖర్మ."

అంటూనే ఆమె పెట్టె ఎత్తుకుని స్టేషను బయటికి నడిచింది. మేము ఆమె వీపు వెనక నడిచాం. రోడ్డుకవతల ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకుంది. గదిలో ఉన్న స్విచ్చులన్నీ వేసి చూసింది. ఏది దేనికో తెలియనివి కూడా వేసి చూసింది. వేన్నీళ్ళు వస్తాయని తెలిసి సాయంత్రం లోపలే రెండుసార్లు స్నానం చేసి, మమ్మల్నీ చేయించింది.

మరునాడు పొద్దున్నే ఆటో అతన్ని పట్టుకుని మామూలు ప్రశ్న అడిగింది. అతనూ మామూలు జవాబే చెప్పాడు. అత్త కదల్లేదు. కాసేపటికి అతను, ఈడేముండాదమ్మా, ఇట్లా పోతే అరవోళ్ళ ఊరు, అట్లా పోతే కన్నడమోళ్ళ ఊరు, అంతే గదా అన్నాడు. అత్త కళ్ళు వెలిగాయి. ఒక్క రైలు టిక్కెట్టు లేకుండా మూడు రాష్ట్రాలు చూడొచ్చంటే, మద్రాసు పోయినవాళ్ళు కూడా ఒక్కటే కదా చూసేది అని లెక్క చెప్పింది. ఆ రోజుకు అరవనాడు, మరునాటికి కన్నడదేశం అని నిర్ణయమైపోయింది.

తారురోడ్డు రంగు మారే చోట ఆటో ఆపి, పక్కనున్న చేని గట్టు చూపించి, ఈ గెనుం నుంచి అవతల తమిళనాడు అన్నాడు అతను. అటూ ఇటూ ఒకే మాదిరి వేరుశనగ చేలు. గట్టున ఒక కానుగ చెట్టు. మామ దాని నీడ చూడగానే తువ్వాలు పరిచాడు. అత్త వద్దంటుందని నేననుకున్నాను. ఆమె కాసేపు చెట్టు చుట్టూ తిరిగి, తువ్వాలు లాగి అడ్డంగా పరిచింది. ఎట్లాగూ నిద్రపోయేదే అయితే రెండు రాష్ట్రాల్లో నిద్రపొమ్మంది. తల ఆంధ్రలో పెట్టించి, కాళ్ళు తమిళనాడులో పెట్టించింది. అటు తల ఎందుకు పెట్టకూడదత్తా అని అడిగాను.

"కల వస్తే తెలుగులో రావల్ల గదా. అరవంలో వస్తే ఈయనకు ఏం అర్థమైతాది?"

మామ ఆ పాటికే గురక పెడుతున్నాడు. కొంతసేపటికి అటుపక్క చేనులోంచి ఒక పెద్దాయన వచ్చాడు. గట్టు మీద అడ్డంగా పడున్న మనిషిని, పక్కన పట్టుచీరలో కూర్చున్న ఆడమనిషిని చూసి, ఏమైందని అరవంలో అడిగాడు. మా ఆటో అతను టీ తాగడానికి పోయి ఉన్నాడు. అత్తకు అరవం బాగా వచ్చని అత్త అనుకునేది. నిద్రలోకి పోయినాడని చెప్పబోయింది. నిద్రకు అరవంలో మాట గుర్తురాలేదు. అది వదిలేసి మిగతా సగం చెప్పింది.

"పోయిట్టారు."

పెద్దాయన తలగుడ్డ తీసేశాడు. చేనులోకి తిరిగి ఎవరినో కేకేశాడు. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు కొంగులు దోపుకుని పరిగెత్తుకొచ్చారు. ఒకామె అత్తను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అత్తకు ఎందుకో అర్థం కాలేదు గానీ ఏడ్చే మనిషిని ఓదార్చకుండా ఉండలేక ఆమె వీపు నిమిరింది. అది చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు. నాకు విషయం తెలిసింది గానీ, చెప్పాలంటే నా అరవం అత్త అరవం కంటే అన్యాయం. ఇంతలో ఆ శబ్దానికి మామ లేచి కూర్చుని, చుట్టూ ఉన్న మొహాలను ఒక్కొక్కటిగా చూసి, అంగట్లో ఎవరున్నారు అని అడిగాడు.

ఏడుస్తున్న ఆమె బెదిరి గట్టు దిగి చాలా దూరం పరిగెత్తింది. పెద్దాయనే ముందు తేరుకుని నవ్వాడు. టీ తాగి వచ్చిన ఆటో అతను అంతా విడమరిచి చెప్పేసరికి అందరూ గట్టు మీద కూలబడి నవ్వారు. బతికి లేచిన మనిషిని ఉత్త కడుపుతో పంపకూడదని వాళ్ళింటికి తీసుకుపోయి సంగటీ, వేరుశనగ ఊరుబిండీ పెట్టారు. ఆ ఏడ్చిన ఆమె మామకు మాత్రం రెండు ముద్దలు ఎక్కువేసింది. తిరిగి వస్తూ ఆటోలో మామ మూతి బిగించుకునే ఉన్నాడు.

"ఇదా నీ సెలవు? నన్ను సంపి, నా సావు నాకే సూపిస్తివి."

"అది గూడా సూస్తివి గదా. ఎవురికి దొరుకుతాది?" అంది అత్త.

మామ మొహం అటు తిప్పుకుని ఆటోలోంచి బయటికి చూశాడు. ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి. అది నవ్వో కోపమో వెనకనుంచి నాకు తెలియలేదు.

మరునాడు కన్నడ పక్కన ఒక ఊళ్ళో తిరునాళ్ళ జరుగుతూ ఉంది. బొరుగులు, బెండ్లు, గాజుల అంగళ్ళు, నడుమ ఒక రంగులరాట్నం. డీజిల్ ఇంజనుతో తిరిగేది. అత్త మామను ఎక్కమంది. ఆయన రాట్నం దగ్గరికి పోయి దాని బోల్టులను తట్టి చూసి, వదులుగా ఉన్నాయని తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపు సంగతి తెలిసి కూడా అత్త ఆయన చెయ్యి పట్టుకుని తొట్టెలో కూర్చోబెట్టింది. నేను కింద నిలబడ్డాను. రాట్నం తిరిగింది, ఇంకొకసారి తిరిగింది, అత్తా మామా ఉన్న తొట్టె సరిగ్గా పైకి పోయాక ఇంజను దగ్గి ఆగిపోయింది. డీజిల్ అయిపోయిందట. రాట్నం ఆయన కొంచెం కూడా తొందరపడకుండా ఒక మనిషిని సైకిలు మీద డీజిల్‌కు పంపించాడు.

 పైనున్నది గుండెలో పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయొచ్చిన మనిషి. చేత్తో తిప్పి దించమని రాట్నం ఆయన్ను బతిమాలాను. తొట్లన్నీ జనమే, బరువుకు తిరగదన్నాడు. పైకి చూస్తే మామ కళ్ళు గట్టిగా మూసుకుని ఇనుపచువ్వను కౌగిలించుకుని ఉన్నాడు. ఆయన ఏమంటున్నాడో వినబడలేదు గానీ అత్త మాటలు తిరునాళ్ళంతా విన్నది. ఎవరినీ ఇంతసేపు పైన ఉండనివ్వరు, అదే టిక్కెట్టుకు మనకు దొరికింది, కళ్ళు తెరువు అని చెబుతూ ఉంది. మామ తెరవలేదు. అదో బడి, అదో మేకలు అని చూపించింది. తెరవలేదు. ఆమె మేకలను వదిలేసి ఇంకా దూరంగా చూసింది. తర్వాత గొంతు మార్చి అంది.

"ఏమయ్యా, సముద్రం కనబడతాండాది."

మామ ఒక కన్ను తెరిచాడు. ఎక్కడ అన్నట్టు తల తిప్పాడు. అత్త దూరంగా చెయ్యి చాపింది. ఇప్పుడు ఆయన గొంతూ కిందికి వినబడింది.

"అది సెరువే. నీ మొగం. దాని కట్ట కనబడతాండ్లా?"

అంత పెద్దదా చెరువు అని అత్త వాదించింది. చెరువేనని నిరూపించడానికి ఆయన రెండో కన్ను కూడా తెరవాల్సి వచ్చింది. కట్ట చూపించాడు, తూము చూపించాడు, అవతలి గుడిసెలు చూపించాడు. చూపించడానికి చువ్వ మీదనుంచి ఒక చెయ్యి వదిలాడు. ఆ చేతిని ఆయన మళ్ళీ చువ్వ మీద పెట్టలేదు, అత్త భుజం మీద పెట్టాడు. వాళ్ళ కాపురంలో నలుగురి మధ్య అలా ఆయన చెయ్యి వేయడం నేను చూసింది అదొక్కసారే. అత్త దాన్ని గమనించనట్టే కూర్చుని, అటుపక్కది ఏ కొండ అని అడిగింది.

సైకిలు మనిషి డీజిల్ తెచ్చాడు. రాట్నం తిరిగి, తొట్టె కిందికి వచ్చింది. నేను మామ చెయ్యి పట్టుకుని దించబోయాను. ఆయన దిగలేదు. ముందు రాట్నం ఆయనకు బోల్టులు బిగించుకొమ్మని, ఏ సైజు స్పానరు కావాలో కూడా చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇంకొక టిక్కెట్టు తెమ్మన్నాడు. ఎందుకు మామా అన్నాను.

"సగం సేపు కండ్లు మూసుకోనుంటిని గదమ్మా. ఆ సగం సూడల్ల గదా."

నాలుగో రోజు పొద్దున లాడ్జి ఆయన తలుపు తట్టి రైళ్ళు మొదలైనాయని చెప్పాడు. ఒక్క రోజే మిగిలి ఉంది. పోతే పోయి వచ్చేదే, సముద్రం దాకా చేరేది లేదు. అత్త లేసులు కట్టుకుంటోంది. మామ అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ, సముద్రానికి తర్వాత పోదాంలే, అంగడి యాడికి పోతాది అన్నాడు. ఆ చివరి మాట ఆయన నోట వచ్చిందని నేను నమ్మలేక అత్త వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. ఒకే బూటుకు రెండు ముడులు వేసింది.

ఆ తర్వాత మామ ఏడాదికొకసారి అంగడి మూయడం పుంగనూరు బజారులో అందరూ చూశారు. మూయడమే కాదు, ఈ మధ్య ఎక్కడికన్నా పోయినారా అని మేకులు కొనడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి అడిగేవాడు. పోలేదంటే వాళ్ళకు రంగులరాట్నం కథ మొత్తం చెప్పేవాడు. ఆ కథలో ఏటేటా రాట్నం ఎత్తు పెరుగుతూ వచ్చింది.

సముద్రం చూడటానికి మరి కొన్నేళ్ళు పట్టింది. అప్పటికి మద్రాసు పేరు చెన్నై అయింది. నాకప్పటికి పెళ్ళయింది, మావారు కూడా వచ్చారు. తెల్లవారి స్టేషనులో దిగినప్పటి నుంచీ ఆ రోజును నడిపింది మామే. టీ అంగడివాడిని, పోలీసును, పూలమ్మే ఆమెను అడిగి చూడాల్సినవన్నీ ముందే తెలుసుకుని ఉన్నాడు. లైట్‌హౌసు, మ్యూజియం, పాముల పార్కు అన్నీ వేలు మడిచి చెప్పుకుంటూ మమ్మల్ని బీచికి నడిపించాడు. సముద్రం ముందు కాసేపు నిలబడ్డాడు, నీళ్ళలో కాళ్ళు తడుపుకున్నాడు, రుచి చూశాడు, ఉప్పేనన్నాడు. ఇక పదండి పోదామన్నాడు.

అత్త ఇసకలో కూర్చుని ఉంది. బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది. నుదుటి మీద చెయ్యి లేదు. ఎవరినీ ఏమీ అడగడం లేదు, దేన్నీ ఎవరికీ చూపించడం లేదు. అల వచ్చి పోతూ ఉంటే చూస్తూ ఉంది. మామ రెండుసార్లు పిలిచాడు. మ్యూజియం మూసే టైము అవుతుందని, సాయంత్రానికి రైలని, ఇట్లా కూర్చుంటే సెలవంతా ఈడనే అయిపోతుందని చెప్పాడు. మూడోసారి పిలిస్తే ఆమె తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"ఉండయ్యా. ఇది ఇంకా అయిపోలా."

మామ సముద్రం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మడిచిన వేళ్ళు విప్పేశాడు. పంచె పైకి లాక్కుని ఆమె పక్కన ఇసకలో కూలబడ్డాడు. మావారూ నేనూ శనగలు కొనుక్కొచ్చి వాళ్ళ వెనక కూర్చున్నాం. ఆ రోజు చెన్నైలో మేమింకేమీ చూడలేదు. మామ ఒక్క కునుకు కూడా తీయలేదు.